మంచుగడ్డ లేని ఊళ్ళో స్కేటింగు



మా నర్సీపట్నంలో చలికాలంలో కూడా మధ్యాహ్నం ఎండకు చొక్కా తడుస్తుంది. కాని ఊరు దాటి చింతపల్లి రోడ్డు పట్టుకుని ఘాటీ ఎక్కండి. పైన లంబసింగి వస్తుంది. దానికి కొర్రబయలు అని మరో పేరు. చలికి బయట నిలబడ్డవాడు కర్రలా బిగుసుకుపోతాడట! ఒక్కొక్క ఏడు అక్కడ చలి సున్నా డిగ్రీలదాకా దిగుతుంది. గడ్డిమీది మంచుబిందువులు ఉప్పుకల్లులా గడ్డకడతాయి.

ఒక పుష్యమాసంలో మా మనవణ్ణి అక్కడికి తీసుకువెళ్ళాను. వాడు అంతకుముందే టీవీలో మంచుగడ్డమీద స్కేటింగు చూశాడు. తెల్లవారగానే దగ్గరలో ఉన్న తాజంగి జలాశయానికి పరుగెత్తాడు. నీళ్ళు హాయిగా అలలాడుతున్నాయి! వాడి మొహం చిన్నబోయింది.

"అయితే తాతయ్యా, మనవాళ్ళకి ఈ ఆట ఎప్పటికీ రాదన్నమాట!" అన్నాడు.

నీళ్ళమీద మనిషి నడవాలంటే గడ్డ కనీసం 4 అంగుళాల మందం ఉండాలి. ఒక్క రాత్రి చలికి అంత గడ్డ కట్టదు. కాని ఆ ఆటకు ముఖ్యంగా కావలసినది మంచుగడ్డ కాదు. కాలు సులువుగా జారిపోవాలి, అంతే. బూటుకింద ముందు రెండు, వెనక రెండు చక్రాలు బిగించి, నున్నటి గచ్చుమీద నిలబడితే కాలు జారదూ? వేళ్ళకింద ఒక రబ్బరు దిమ్మ ఉంటుంది, ఆగడానికి. గెంతులు, గిరికీలు అన్నీ మంచుగడ్డమీద చేసినట్టే చేయవచ్చు. గిర్రున తిరుగుతూ చాచిన చేతులు దగ్గరకు ముడుచుకుంటే వేగం హెచ్చుతుంది. ఈ సూత్రం మంచుకైనా, గచ్చుకైనా ఒకటే.

అలా గచ్చుమీద సాధన చేసినవాడే మన హైదరాబాదు యువకుడు అనూప్ కుమార్ యామా. 2010 నవంబరులో చైనాలోని గ్వాంగ్‌ఝౌలో ఆసియా క్రీడలు జరిగాయి. ఆ క్రీడలలో చక్రాల స్కేటింగును చేర్చడం అదే మొదలు. పాటకు తగినట్టు కదులుతూ విన్యాసాలు చూపే పోటీలు మూడు. పురుషుల పోటీలో అనూప్‌కు కంచు పతకం వచ్చింది. అవనీ పంచాల్‌తో జంటగా చేసిన పోటీలో మరో కంచు పతకం! 2015లో ప్రభుత్వం అతనికి అర్జున అవార్డు ఇచ్చింది.

"బంగారం కాదుగా!" అని మావాడు పెదవి విరిచాడు.

"ఒరే, ఉన్నవి మూడు పోటీలు. అందులో రెండింట మన దేశం పేరు చదివారు. మంచుగడ్డ లేదని అతను ఇంట్లో కూర్చుంటే ఆ రెండూ ఎక్కడివి?" అన్నాను.

వాడు మారుమాట్లాడలేదు. ఇంటికి రాగానే మోకాళ్ళకు పట్టీలు, తలకు హెల్మెట్టు పెట్టించి చక్రాల బూట్లు తొడిగాను. మొదటి రోజు పదకొండుసార్లు పడ్డాడు. పన్నెండోసారి లేచి, గచ్చు ఆ చివరిదాకా వెళ్ళాడు.

మీకు కూడా ఏదో ఒక కోరిక ఉండే ఉంటుంది. దానికి మీ ఊళ్ళో లేనిదేమిటో మీకు తెలుసు. ఉన్నదేమిటో ఒకసారి వెతికి చూడండి!