జపనీస్ ఒక్క ముక్క రాదు... అయినా అమ్మానాన్నలతో జపాన్!

భాష రాని దేశానికి సొంతంగా వెళ్తున్నామంటే అందరూ దారి గురించే భయపెడతారు. జపాన్‌లో దారి సులువు. అసలు కథ తిండి దగ్గర మొదలవుతుంది. మా అమ్మ పక్కా శాకాహారి, పైగా షుగర్. మాత్ర వేసుకున్నాక టైముకి తినకపోతే కళ్లు తిరుగుతాయి. నాన్నకేమో మోకాళ్లు. ప్యాకేజీ టూర్ వాళ్లు తిండి చూసుకుంటారు, నిజమే. కానీ పొద్దున్నే బస్సెక్కి, గైడ్ జెండా వెనకాల పరుగెత్తడం నాన్న వల్ల అయ్యే పని కాదు. అందుకే ఐదేళ్ల పాపతో సహా ఐదుగురం సొంత ప్లాన్‌తో బయల్దేరాం.

ముందు దారి సంగతి తేల్చేద్దాం. టోక్యో మెట్రోలో ప్రతి స్టేషన్‌కీ ఒక అక్షరం, ఒక నంబర్ ఉంటాయి. అసకుసా జి19, గింజా జి09. అంటే ఎక్కిన దగ్గర్నుంచి పదో స్టాప్‌లో దిగాలి. పేరు పలకడం రాకపోయినా లెక్క వస్తే చాలు. రెండో రోజుకే నాన్న "ఇంకా నాలుగుంది, కూర్చోండి" అంటూ మాకే చెప్పడం మొదలుపెట్టారు. చిక్కంతా బయటికొచ్చే గేటుతోనే. షింజుకు స్టేషన్‌కి 200కు పైగా ఎగ్జిట్లున్నాయి, అన్నిటికీ లిఫ్ట్ ఉండదు. లిఫ్ట్ ఉన్న ఎగ్జిట్ ఏదో రాత్రే మ్యాప్‌లో చూసి స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. లేదంటే మోకాళ్లకి అర కిలోమీటర్ ఎక్స్‌ట్రా!

ఇక తిండి. జపాన్ వంటలో సగానికి సగం 'దాషి' అనే రసం మీద నడుస్తాయి. ఎండబెట్టిన చేప తురుముతో కాస్తారు దాన్ని. బయటికి కూరగాయల నూడుల్స్‌లా కనిపిస్తుంది, గిన్నెలో ముక్క కూడా ఉండదు, కానీ చేప ఉంటుంది. ఫోన్ కెమెరాతో మెనూ ట్రాన్స్‌లేట్ చేసినా ఇది పట్టుబడదు, ఎందుకంటే మెనూలో ఆ సంగతి రాయరు. అందుకే 'మాంసం, చేప, చేప రసం తినను' అని జపనీస్‌లో ప్రింట్ తీయించి అమ్మ పర్సులో పెట్టాం.

క్యోటోలో ఒక చిన్న ఉడాన్ హోటల్లో ఆ కార్డు చూపిస్తే, అక్కడి పెద్దావిడ రెండుసార్లు చదివి చేతులు రెండూ అడ్డంగా పెట్టి ఇంటూ గుర్తు చూపించింది. అమ్మ ముఖం చిన్నబోయింది, పొమ్మంటోందేమో అని. అక్కడ 'కుదరదు' అని చెప్పే పద్ధతే అది. ఆవిడే మళ్లీ లోపలికెళ్లి వేడి అన్నం, ఉప్పు తెచ్చి పెట్టింది. మా బ్యాగులో కందిపొడి ఉండనే ఉంది. "చేప వేసి తినెయ్యమనలేదు, చాలు తల్లీ" అంది అమ్మ, తెలుగులోనే. ఆవిడ తల వంచి నమస్కరించింది.

పొడులు మర్చిపోవద్దు. కరివేపాకు, తాజా పళ్లు మాత్రం పెట్టుకోకండి, క్వారంటైన్ సర్టిఫికెట్ లేకుండా రానివ్వరు. జలుబు మాత్రలూ ఒకసారి చూసుకోండి. సూడోఎఫెడ్రిన్ 10 శాతం దాటితే ఆ దేశంలో నిషేధం. రోజూ వేసుకునే మందులు నెలకు సరిపడా మించకుండా, ప్రిస్క్రిప్షన్‌తో తీసుకెళ్తే మంచిది.

అన్నట్టు, భాష మరీ పరాయిదేం కాదు. మన తెలుగులాగే జపనీస్ మాటలు కూడా చాలావరకు అచ్చులతోనే ముగుస్తాయి, క్రియ చివర్లో వస్తుంది. 'నికు తో సకన వా తబెమసెన్' అంటే 'మాంసం, చేప తినను'. వరస కూడా మనదే! ఇంగ్లిష్ స్పెల్లింగ్ చూసి తిప్పలు పడే బదులు అమ్మ ఇలాంటివి తెలుగు లిపిలో నోట్‌బుక్‌లో రాసుకుంది. మా అందరికన్నా ఆవిడ ఉచ్చారణే బాగుంది. 'సుమిమసెన్' ఒక్కటి వస్తే సగం పనులైపోతాయి. క్షమించండి, ఏవండీ, కాస్త జరగండి... అన్నిటికీ అదే.

హోటల్ విజిటింగ్ కార్డు పాప జేబుతో సహా అందరి దగ్గరా ఉండాలి. అంబులెన్స్‌కి 119, పోలీసులకి 110. జపాన్ టూరిజం సంస్థకి 24 గంటల ఇంగ్లిష్ హెల్ప్‌లైన్ ఉంది, నంబర్ ముందే సేవ్ చేసుకోండి.

డబ్బు మాటకొస్తే, పాత వీడియోలు చూసి రైల్ పాస్ కొనేయకండి. 2023 అక్టోబర్‌లో ఏడు రోజుల పాస్ 29,650 యెన్ల నుంచి 50,000కు పెరిగింది. టోక్యో నుంచి క్యోటోకి విడి టికెట్ దాదాపు 14,000 యెన్లు. రానూపోనూ కొన్నా పాస్ కన్నా చవకే. ఆరేళ్లలోపు పిల్లలకి విడిగా సీటు అక్కర్లేదనుకుంటే టికెట్టే లేదు. పెద్ద సూట్‌కేసులు హోటల్ రిసెప్షన్‌లో ఇచ్చేస్తే కొరియర్‌లో మామూలుగా మర్నాటికి తర్వాతి హోటల్‌కి చేరిపోతాయి. దీనికి పెట్టిన డబ్బు నాన్న మోకాళ్లు మిగిల్చాయి.

బుల్లెట్ ట్రైన్‌లో క్యోటో వెళ్లేటప్పుడు 'ఈ' నంబర్ సీటు అడగండి. ఆకాశం తేటగా ఉంటే ఫుజి కొండ ఆ కిటికీలోంచే కనిపిస్తుంది. మాకు మబ్బులు కనిపించాయి.