ఊఁ కొట్టేవాళ్లు లేకే

మా చిన్న బేటీకి ఎనిమిదేళ్లు. మొన్న మగ్రిబ్ తర్వాత నా ఫోన్‌లో గజా వీడియో చూసి, “అబ్బా, అక్కడి పిల్లలు ఆడుకోరా? ఎప్పుడూ ఏడుస్తూనే ఉంటారా?” అని అడిగింది.

జర్నలిస్టును. గజా వార్తలు ఎన్నో రాశాను. షహీద్ అయినవాళ్ల సంఖ్య మార్చి హెడ్డింగ్ పెట్టడం ఆదత్ అయిపోయింది. కానీ నా బిడ్డ సవాల్‌కు జవాబు దొరకలేదు. వాళ్ల మౌత్ గురించే రాశాను, జిందగీ గురించి రాయలేదు.

ఆ రాత్రి కూర్చుని చదివాను. ఫలస్తీన్‌లో కహానీని ‘హికాయె’ అంటారు. ఉర్దూ మీడియం బడిలో మేం చదివిన షేక్ సాదీ హికాయత్‌లది కూడా అదే లఫ్జ్. అయితే ఇది కితాబుల్లోది కాదు. చలికాలం రాత్రుళ్లు ముసలి నానీలు, దాదీలు ఆడవాళ్లకూ పిల్లలకూ చెప్పేది. మొదలుపెట్టే ముందు వినేవాళ్లతో అల్లాహ్ ఒక్కడేనని అనిపిస్తారట. యునెస్కో 2005లో ఈ హికాయెను మానవాళి వారసత్వంగా ప్రకటించింది. ఇబ్రాహీం ముహావీ, షరీఫ్ కనానా ఇలాంటివి 45 కహానీలు పోగుచేసి 1989లో ఇంగ్లీషులో కితాబు వేశారు. తూర్పు జెరూసలేంలో 1984లో తెరిచిన నాటకశాల పేరే ‘అల్ హకవాతీ’, అంటే కథలు చెప్పేవాడని. అక్కడ పిల్లల కోసం కఠ్‌పుత్లీ ఆటలూ ఆడతారు. ఇల్లు వదిలి ఖైమాల పాలైన గజా కళాకారుడొకరు ఖాళీ టిన్ను డబ్బాలతో కఠ్‌పుత్లీలు చేసి పిల్లల్ని నవ్వించారట.

తెల్లారి బేటీకి ఆ టిన్ను బొమ్మల ముచ్చట చెప్తే, “కఠ్‌పుత్లీ అంటే?” అంది. తొర్రూరు దగ్గరి అమ్మాపురం కొయ్యబొమ్మలాట గుర్తొచ్చింది. ఎప్పుడో దాని మీద వార్త రాశాను. కళాకారుల ముసీబతులు రాశాను గానీ బొమ్మలు చెప్పిన కథ ఒక్క ముక్కా రాయలేదు.

“మన దాదీకి కహానీలొచ్చా?”

వచ్చు. మా చిన్నప్పుడు పగలు అడిగితే అమ్మీ, “దిన్ మే కహానీ బోలే తో ముసాఫిరాఁ రస్తా భూల్ జాతే” అనేది. ఇషా అయ్యాకే మొదలు. ఇప్పుడు అడిగితే, “అబ్ కౌన్ సున్తా బేటా?” అని నవ్వింది.

ఆ రాత్రి ఫోన్లన్నీ పక్క గదిలో పెట్టి అమ్మీ చుట్టూ కూర్చున్నాం. బిస్మిల్లాహ్ అని ఎత్తుకుంది. బాద్షాకు ఏడుగురు కూతుళ్లు. అందరికంటే చిన్నది అడవిలో దేవ్ ఇంట్లో చిక్కుకుంది. బేటీ ఊఁ కొడుతోంది. అమ్మీ ఆగిపోయింది. ఆ పిల్ల ఎలా బయటపడిందో ఎంత ఆలోచించినా యాద్ రాలేదు. నాకూ రాలేదు. అడుగుదామంటే ఖాలా లేదు, ఇంతిఖాల్ అయి నాలుగేళ్లు.

అమ్మీ చాలాసేపు చేతులు చూసుకుంటూ కూర్చుంది. “కహానీ నేను మర్చిపోలేదు బేటా, అడిగేవాళ్లు లేక పోయింది” అంది. ఆ మాట నాకే.

మీ ఇంట్లో నానీ, దాదీ ఉంటే ఈ రాత్రే అడగండి. ఆ ఏడుగురు బహెన్‌ల కహానీ ఆఖరు తెలిసినవాళ్లుంటే రాయండి. బేటీ రోజూ అడుగుతోంది. చిన్నది ఇంకా దేవ్ ఇంట్లోనే ఉంది.