మోటుపల్లి అభయం

రైలు బాపట్ల దాటింది. మాస్టారు రికార్డో సంగతి మొదలుపెట్టారు.

మాస్టారంటే మా కాలేజీలో అర్థశాస్త్రం చెప్పేవారు. నేను తెలుగు చెబుతాను. కాకతీయుల పేరు వచ్చినప్పుడల్లా ఇరవై ఏళ్ళుగా తరగతిలో మోటుపల్లి శాసనం గురించి చెప్పడమే గాని, దాన్ని కంటితో చూచిన పాపాన పోలేదు. 2025 సెప్టెంబరులో నాలుగు రోజులు సెలవు దొరికితే బయలుదేరాను. "వర్తకం మాట కదా, నేనూ వస్తా" నన్నారాయన. మా చెల్లెలి కాపురం చినగంజాం దగ్గరే. బావ రొయ్యల చెరువులు చేస్తున్నాడు. కాబట్టి భోజనానికి దిగులు లేదు.

రికార్డో అనే ఇంగ్లీషు పండితుడు 1817లో ఒక లెక్క వేశాడట. ఏడాదికి కావలసిన బట్ట తయారు చెయ్యడానికి పోర్చుగల్‌లో 90 మంది, ద్రాక్షసారాకు 80 మంది చాలు. ఇంగ్లండులో బట్టకు 100 మంది, సారాకు 120 మంది కావాలి. రెంటిలోనూ పోర్చుగల్‌దే పైచెయ్యి. అయినా పోర్చుగల్ సారా మాత్రమే చేసి, బట్ట ఇంగ్లండు నుంచి తెప్పించుకొంటేనే ఇద్దరికీ లాభం.

"అదెట్లాగండీ?"

"మీకు పాఠం చెప్పడమూ వచ్చు, మీ వంటమనిషికంటె వంటా బాగా వచ్చు ననుకోండి. అంతమాత్రాన పాఠం మాని పొయ్యి దగ్గర కూర్చుంటారా?"

మా ఇంట్లో వంటమనిషి లేదు, నాకు వంట రాదు. అయినా విషయం బోధపడింది. మామూలుగా వేటపాలెంలో దిగి సారస్వత నికేతనంలో ఒక పూట గడపకుండా నేను ముందుకు పోను. ఆ రోజు మాత్రం రికార్డో ధోరణిలో ఆ స్టేషను దాటిపోయిందని కూడా గమనించలేదు.

చినగంజాంలో దిగి ఆటో మాట్లాడుకొన్నాం. దారి పొడుగునా ఉప్పుగాలి. మోటుపల్లి ఇప్పుడు చిన్న పల్లె. వీరభద్రస్వామి గుడి దగ్గర నిలబడితే ఇది ఒకప్పుడు చీనా దాకా పేరుపోయిన రేవంటే నమ్మడం కష్టం. 13వ శతాబ్ది చివర తూర్పుదేశాలు తిరిగిన మార్కో పోలో దీన్ని ముత్ఫిలి అన్నాడు. ఇక్కడి వజ్రాలను, సాలెగూడు వంటి సన్నని బట్టలను మెచ్చుకొన్నాడు. రాజ్యమేలుతున్న రాణి ధర్మబుద్ధినీ మెచ్చుకొన్నాడు. ఆమె రుద్రమదేవి. గణపతిదేవుని కూతురిని ఆయన భార్య అనుకొని రాశాడు పాపం!

స్తంభం ముందు కూర్చొని అక్షరాలమీద వేలు పెట్టి కూడబలుక్కొన్నాను. అచ్చులో చదివిన శాసనమే, అయినా రాతిమీద తడిమితే వేరు. 1244 నాటి మాట. పూర్వపు రాజులు తుఫానుకు కొట్టుకొచ్చి ఒడ్డున పడిన ఓడల్లోని ఏనుగులను, గుర్రాలను, బంగారాన్ని బలవంతంగా లాక్కొనేవారు. గణపతిదేవుడు అది మానుకొన్నాడు. ప్రాణానికి తెగించి సముద్రం మీద వచ్చేవారి ధనం వారి ప్రాణంకంటె ఎక్కువని, నిర్ణయించిన సుంకం తప్ప తక్కినదంతా వారికే వదిలేశామని చెప్పాడు. ఆ సుంకం ఎగుమతికైనా దిగుమతికైనా ముప్పైకి ఒకటి. ఆ కింద చందనం, కర్పూరం, ముత్యాలు, పన్నీరు, ఏనుగుదంతం, పట్టుదారం, పగడాలు, మిరియాలు, వక్కలు—దేనికెంతో పట్టిక.

ఒక మాట దగ్గర నా వేలు ఆగింది. కౢప్తశుల్కం. క్లుప్తమంటే మనం ఇప్పుడు కొద్ది అనుకొంటాం. అక్కడ అర్థం అది కాదు, ముందుగా స్థిరపరచినదని.

"మీ రాజుగారిది దయ కాదండీ, లెక్క" అన్నారు మాస్టారు. "దోచుకొనే రేవుకు ఓడలు రావు. సైన్యానికి గుర్రాలు కావాలంటే వర్తకుడికి ధైర్యం చెప్పాలి."

లెక్క ఉంటే ఉండవచ్చు. దయ అనే మాట కూడా ఆ రాతిమీద ఉంది. నేను దాన్ని కొట్టివెయ్యలేను.

మాస్టారికి మాత్రం ఆ 'కౢప్తం' తెగ నచ్చింది. 1947లో జెనీవాలో భారతదేశంతో కలిపి 23 దేశాలు చేసుకొన్న గాట్ ఒడంబడికకు ప్రాణం ఇదేనన్నారు. ఏ సరుకుమీద ఎంతకు మించి సుంకం వెయ్యమో ప్రతి దేశమూ పట్టిక రాసి కట్టుబడాలి. ఒకరికి తగ్గిస్తే సభ్యులందరికీ తగ్గించాలి. 1995 జనవరి 1న ప్రపంచ వాణిజ్య సంస్థ పుట్టాక తగవులు తీర్చే పద్ధతీ గట్టిపడింది. అయితే కొత్త సభ్యుల నియామకానికి అమెరికా అడ్డుపడడంతో అప్పీళ్ళు వినే మండలి 2019 డిసెంబరులోనే మూలపడింది.

సాయంత్రం బావ చెరువుగట్టు మీదికి వెళ్ళాం. ఏరియేటర్లు నీళ్ళు చిమ్ముతున్నాయి. ఈ వనామీ రొయ్య మన జాతి కాదు. అమెరికా ఖండాల పసిఫిక్ తీరంలోది. 2009లో మన దేశంలో పెంచడానికి అనుమతి ఇచ్చారు. తల్లిరొయ్యలు విమానంలో దిగి, మద్రాసులో పరీక్షకు నిలిచి, హేచరీలకు చేరతాయి. ఇక్కడ పెరిగిన పిల్లలు మంచుపెట్టెల్లో ఎక్కువగా అమెరికాకే పోతూ వచ్చాయి.

"పిల్ల వదిలింది జూన్ మొదట్లో, బావగారూ" అన్నాడు బావ. "ఏప్రిల్‌లో ఇరవై ఆరు శాతమన్నారు, మళ్ళీ ఆపి పదన్నారు. సరే, పదికి గిట్టుతుందని దిగాను. ఆగస్టు 7న ఇరవై అయిదైంది. 27న యాభై. రొయ్య ఎదిగిందంతా ఈ మధ్యలోనే."

ముప్పైకి ఒకటి ఎక్కడ, రెంటికి ఒకటి ఎక్కడ! నేను పైకి అనలేదు.

అమెరికాకు పెద్ద రొయ్య కావాలి. అందుకని బావ ముప్పై కౌంటు దాకా పెంచుదామనుకొన్నాడు. ఇప్పుడు కొనేవాడు ఫోను ఎత్తడం లేదు. పట్టేద్దామంటే ధర పడిపోయింది. ఉంచుదామంటే రోజూ మేత బస్తాలు కావాలి, తెల్లమచ్చ తగిలిందంటే రాత్రికి రాత్రి చెరువంతా పోతుంది. మేతకొట్లో అప్పు ఉంది. బ్యాంకు అప్పుకు హామీ సంతకం నాది. ఆ సంతకం సంగతి మా ఆవిడకు ఇంకా చెప్పలేదు.

చెల్లెలు వడ్డిస్తున్నంతసేపూ తల ఎత్తలేదు. "అన్నయ్యా, ఇంకొంచెం పులుసు" అనడం తప్ప మాట లేదు. మాస్టారు కూడా ఆ పూట రికార్డో ఊసెత్తలేదు. పోర్చుగల్‌లో సారా పులుస్తుండగా ఇంగ్లండు సుంకం మారిస్తే ఎవరు నష్టపోతారని అడుగుదామనుకొని నేనూ ఊరుకొన్నాను.

భోజనాలయ్యాక గట్టుమీద మంచం వేసుకొని కూర్చున్నాం. శాసనంలో ఏముందని బావ అడిగాడు. చెప్పాను. శ్రద్ధగా విన్నాడు.

"ఆ రాజు మాట తరవాతి రాజులు నిలబెట్టారా?"

1323లో ఓరుగల్లు పడిపోయింది. 1358లో కొండవీటి అనవోతారెడ్డి అదే మోటుపల్లిలో మళ్ళీ శాసనం వేయించవలసి వచ్చింది. రండి, స్థలాలిస్తాం, వెళ్ళదలిస్తే ఆపం, వారసుడు లేకుండా పోయినవారి సొత్తు తీసుకోమంటూ వర్తకులను కొత్తగా పిలిచాడు.

"అంటే 114 ఏళ్ళకు మళ్ళీ చెప్పవలసి వచ్చిందన్నమాట" అన్నారు మాస్టారు.

బావ నవ్వాడు. "నాకు 114 ఏళ్ళెందుకండీ? పిల్ల వదిలిన నాటి మాట పట్టుబడి దాకా ఉంటే చాలు."

అంతలో కరెంటు పోయింది. ఏరియేటర్లు ఆగి, చెరువంతా ఒక్కసారి నిశ్శబ్దమైంది. గాలి అందకపోతే రొయ్య ఎంతోసేపు బతకదు. బావ టార్చి నా చేతికిచ్చి డీజిల్ ఇంజను వైపు పరుగెత్తాడు. నేను వెలుతురు చూపిస్తూ వెనకే వెళ్ళాను.