చుక్కల మధ్య చారలు

నిన్న ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌లో తీసిన డిఫ్రాక్షన్ ఫొటో అమ్మకి వాట్సాప్‌లో పంపా. "చుక్కలు పెట్టి ముగ్గు కలపలేదేంట్రా? మధ్యలో ఆ చారలేంటి, పిండి ఒలికిందా?" అంది.

నా పీహెచ్‌డీ అంతా ఆ ఒలికిన పిండి మీదే!

ఫొటోలో ఉన్నది లిథియం బ్యాటరీల కోసం చూస్తున్న మాంగనీస్ ఆక్సైడ్. పొరలు పొరలుగా ఉంటుంది. ఏ పొరకా పొర బుద్ధిగానే ఉంటుంది, దాని మీద కూర్చునే పొరే ఒకసారి ఇటు, ఒకసారి అటు జరుగుతుంది. పొరలోని క్రమం చుక్కలవుతుంది, పేర్చడంలోని తికమక చారలవుతుంది. చాలాకాలం చుక్కల్నే కొలిచి, చారల్ని వదిలేసేవాళ్ళు.

రేణువు మైక్రాన్‌లో పదో వంతు ఉన్నా మాకు చాలు. ఎక్స్-రేల కంటే ఎలక్ట్రాన్లు పరమాణువులతో చాలా గట్టిగా తలపడతాయి మరి. ఆ గట్టిదనమే తలనొప్పి కూడా: ఒకసారి చెదిరిన ఎలక్ట్రాన్ లోపలే మళ్ళీ చెదిరి, చుక్కల వెలుగుల లెక్కంతా తారుమారు చేస్తుంది.

1982లో షెక్ట్‌మన్ అనే శాస్త్రవేత్త ఇలాంటి ఫొటోలోనే ఉండకూడని పది చుక్కల వలయం చూశాడు. 2011లో నోబెల్ వచ్చింది. నాకంత ఆశ లేదు. రాత్రంతా నడిచిన సిమ్యులేషన్‌లో చారలు కాస్త వంకరగా వచ్చాయి, అదొక్కటి సరిపడితే చాలు.