కడుపులో ‘బల్ల’

జూబ్లీహిల్స్ అంటే అందరికీ సినిమావాళ్ల బంగళాలే గుర్తొస్తాయి. తరచూ రక్తం ఎక్కించుకోవాల్సిన పిల్లలున్న ఇళ్లలో మాత్రం అక్కడి బ్లడ్‌బ్యాంకు ముందు గుర్తొస్తుంది. 1998లో నటుడు చిరంజీవి పెట్టిన ట్రస్టుది అది. తలసీమియా పిల్లలకు రెండు నుంచి నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కాలి. ఆలస్యమైతే మొహం పాలిపోతుంది, పొట్ట ఉబ్బుతుంది. స్నానం చేయిస్తున్న అమ్మమ్మ ఎడమ డొక్కలో చెయ్యిపెట్టి చూసి ‘వీడికి బల్ల పెరిగిందే’ అంటుంది.

ఆ బల్లే ప్లీహం. పెద్దవాళ్లలో దాదాపు 150 గ్రాములుంటుంది. మామూలుగా పక్కటెముకల చాటున చేతికి తగలకుండా ఉంటుంది. ఎర్ర రక్తకణం ఆయుష్షు 120 రోజులు. ముసలివైపోయిన కణాలను ఏరిపారేయడం ప్లీహం పని. తలసీమియాలో కణాలు పుట్టుకతోనే లోపంతో వస్తాయి. చాకిరీ ఎక్కువై అది పెరుగుతుంది. పెరిగాక మంచి కణాలనూ మింగుతుంది. ఎక్కించిన రక్తం చాలదు. వేళకు రక్తం అందుతుంటే బల్ల అంతగా పెరగదు.

పాతతరానికి బల్ల అంటే మలేరియానే. ఏ ఊళ్లో ఎంత మలేరియా ఉందో తెలియడానికి డాక్టర్లు పిల్లల పొట్టలు తడిమి లెక్కలు రాసుకునేవారు. ఇప్పటి జూబ్లీహిల్స్‌కు ఎంతో దూరంలేని బేగంపేటలోనే 1897 ఆగస్టు 20న రోనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని పట్టుకున్నాడు.

బల్లతో దొరలకు ఇంకో సౌకర్యమూ ఉండేది. 1875లో ఆగ్రాలో ఫుల్లర్ అనే తెల్ల ప్లీడరు కొట్టిన దెబ్బకు గుర్రాలవాడు చనిపోయాడు. పెరిగిన ప్లీహం చిట్లి పోయాడని చెప్పి, 30 రూపాయల జరిమానాతో సరిపెట్టారు! అన్యాయం అన్యాయమే గానీ, అలా చిట్లడం మాత్రం నిజం. బల్ల ఉన్న పిల్లాణ్ని కబడ్డీకి పంపకూడదు. ఫిల్మ్‌నగర్‌లో ఫైట్లు చేసేవాళ్లకైనా అదే మాట.

బల్ల దానంతటది జబ్బు కాదు. టైఫాయిడ్, కాలేయం గట్టిపడటం, కొన్ని రక్తక్యాన్సర్లు... దేనివల్లైనా రావచ్చు. కాబట్టి వాతలు పెట్టించడం, పసర్లు తాగించడం కాలహరణమే. రక్తపరీక్షలు, అల్ట్రాసౌండ్ చేయిస్తే కారణం దాదాపు బయటపడుతుంది. మలేరియాకు మందులు వాడితే బల్లా తగ్గుతుంది. ఒక రకం రక్తక్యాన్సర్‌లో రోజూ వేసుకునే మాత్రలతోనే ప్లీహం మామూలు సైజుకు రావచ్చు.

తీసేయడం చివరి మాట. ప్లీహం క్రిములతోనూ పోరాడుతుంది కాబట్టి ఐదేళ్లలోపు పిల్లలకు వీలైనంతవరకూ వాయిదా వేస్తారు. తప్పనిసరైతే ఆపరేషన్‌కు కనీసం రెండు వారాల ముందే న్యుమోనియా, మెదడువాపు తెచ్చే బ్యాక్టీరియాలకు టీకాలు వేస్తారు. ఆ తర్వాత ఎన్నేళ్లకైనా సరే, జ్వరమొస్తే ఇంట్లో పారాసిటమాల్ వేసి తెల్లారేదాకా చూడకూడదు. అర్ధరాత్రయినా ఆసుపత్రికి బయల్దేరాలి. ప్లీహం తీసేసిన సంగతి డాక్టరుకు ముందే చెప్పాలి.