రెండు మోకులు, ఒక రాయి

సావనీరుకి ఏదైనా రాసివ్వమని యూనియన్ మిత్రులు వెంటబడితే, నాకు కవిత్వం రాదు, లెక్క ఒకటి రాస్తానన్నాను. నవ్వారు. నవ్వితే నవ్వారుగాని, రాసేది లెక్కే. మా ఇంట్లో అన్నదమ్ములిద్దరికీ ఎనిమిదేళ్ళు మాటల్లేకుండా చేసిన లెక్క.

మాది కోనసీమలో గౌతమి ఒడ్డు పల్లె. 1986 ఆగస్టు వరదకి మా చేల మీద ఒండ్రు మేట వేసింది. దాని కింద ఓ సర్వే రాయి పూడిపోయిందని తాతయ్య అంటూండేవాడు. పొలం ఉమ్మడిది గనక ఎవరూ పట్టించుకోలేదు. తాతయ్య పోయి, పంపకాలు జరిగాక ఆ రాయి కావలసివచ్చింది. మా వాటాకీ పెదనాన్నగారి వాటాకీ మధ్య గట్టు మొదలయ్యేది అక్కణ్ణించే.

"బోదె మీద పడమటి రాయి నించి రెండువందల యాభై లింకులు. నాన్న నోటితో చెప్పాడు" అంటాడు మా నాన్న. "తూర్పు రాయి నించి మూడువందల తొంభై. నా ఎదురుగానే కొలిపించాడు" అంటారు పెదనాన్నగారు. ఇద్దరూ కొలిచారు. ఈయన తేల్చిన చోటుకీ ఆయన తేల్చిన చోటుకీ మధ్య నాలుగు కొబ్బరిచెట్లు! దింపు రోజున ఇద్దరూ గట్టెక్కేవారు, ఒకరి మొహం ఒకరు చూసుకునేవారు కాదు. దొడ్డమ్మ మాత్రం పెరటి గుమ్మంలోంచి నాకు పూతరేకులు అందిస్తూనే ఉండేది.

లింకంటే 66 అడుగుల గొలుసులో నూరోవంతు. సర్వేవారి పొలం పటంలో (ఎఫ్.ఎం.బి. అంటారు) రెండు రాళ్ళను కలుపుతూ ఒక గీత ఉంటుంది. దాని మీద ఎంత దూరం నడవాలో, అక్కణ్ణించి లంబంగా ఎంత పక్కకి పోవాలో రెండే అంకెలు వేస్తారు. నకలు తెచ్చి చూశాను. పడమటి రాయి నించి తూర్పు రాయికి 560. పోయిన రాయి ఆ గీత మీద 200 దగ్గర, దక్షిణంగా 150. (లెక్క తేలిగ్గా ఉండాలని అంకెలు కాస్త సర్దాను. పొలాలకి ఇంత ముచ్చటైన సంఖ్యలు రావు.)

తూర్పుకి ఐ, దక్షిణానికి జె పెట్టుకుంటే ఇది ఇంటర్లో చదివిన స్థాన సదిశే కదా! 200ఐ + 150జె. వర్గాలు 40000, 22500. కూడితే 62500, దాని వర్గమూలం 250. నాన్న అంకె. తూర్పు రాయిని మూలబిందువు చేసుకుంటే 200 లోంచి 560 పోగా −360ఐ + 150జె. వర్గాలు 129600, 22500. మొత్తం 152100, వర్గమూలం 390. పెదనాన్నగారి అంకె. ఎనిమిదేళ్ళుగా ఇద్దరూ నిజమే చెబుతున్నారు!

పరీక్షలో పరిమాణం రాగానే కింద గీత కొట్టి వదిలేస్తాం. చేలో అది చాలదు. 250 అనే పరిమాణం ఒక్కటే చేతిలో ఉంటే, గుంజకి కట్టిన గేదెలా వృత్తం మీద ఎక్కడైనా నిలబడచ్చు. నాన్న తన వృత్తం మీద తనకి కలిసొచ్చే చోట నిలబడ్డాడు, పెదనాన్నగారు తన వృత్తం మీద అలాగే. రెండు వృత్తాలూ కలిసేది రెండు చోట్ల. ఒకటి బోదె అవతల వేరేవాళ్ళ చేలో పడుతుంది. ఇక మిగిలింది ఒకటే.

పటంలో ఉన్నట్టు లంబం తీసి కొలవచ్చుగా అంటారేమో. లంబకోణం అయిదు డిగ్రీలు తప్పిందంటే, 150 లింకుల దూరంలో రాయి ఎనిమిదిన్నర అడుగులు జరుగుతుంది. చెట్టు మొదలు కోసం కొట్లాడుకునే చోట అది చిన్న తేడా కాదు.

అందుకని మోకులు. ఒకటి 165 అడుగులు, రెండోది 257 అడుగుల 5 అంగుళాలు. సంక్రాంతి సెలవుల్లో, కోతలయ్యాక, పడమటి రాయి దగ్గర నాన్నని, తూర్పు రాయి దగ్గర పెదనాన్నగారిని మోకు కొసలు పట్టుకోమన్నాను. "నీ చదువు మా మీదేనేంట్రా" అంటూనే వచ్చారాయన. రెండో కొసలు పెదనాన్నగారబ్బాయీ నేనూ పట్టుకుని, ముడికి ముడి తగిలేదాకా లాగాం. అక్కడ తవ్వితే, జానెడు పక్కగా, మోకాటి లోతున గునపం ఠంగుమంది.

నాలుగు చెట్లలో మూడు పెదనాన్నగారి వైపు వెళ్ళాయి.

నాకిది ముందురోజు రాత్రి కాగితం మీద గీసినప్పుడే తెలుసు. నాన్నకి చెప్పలేదు. చెబితే మోకు పట్టుకోడేమోనని భయం. తప్పు చేశానో ఒప్పు చేశానో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను. బోదెలో కాళ్ళు కడుక్కుంటూ నాన్న అడిగాడు, "నీకు ముందే తెల్సురా?" అని. "ఆయ్" అన్నాను. ఇంకేం అనలేదు.

2020 డిసెంబరులో రాష్ట్రంలో మొదలైన రీసర్వేలో రోవర్ అనే పరికరాన్ని నేల మీద నిలబెట్టి, ఉపగ్రహాలతో చోటు పట్టేస్తున్నారు. ఆ లెక్కకి మూలబిందువు భూమి నడిబొడ్డు. అయినా ఫరవాలేదు, ఒక రాయి స్థాన సదిశలోంచి ఇంకో రాయిది తీసేస్తే మూలబిందువు కొట్టుకుపోతుంది. తీసివేతలో అన్నదమ్ములిద్దరికీ ఒకే జవాబు వస్తుంది.

వాళ్ళిద్దరూ ఇంకా సరిగ్గా మాట్లాడుకోవడం లేదు. దింపు ఏ రోజన్నది మాత్రం అడిగించుకుంటున్నారు, నా చేత.