గిటారూ – కందపద్యమూ

36 ఏళ్ళు తెలుగు పండితుడిగా పనిచేసి విరమించినవాడు భాగవతం చదువుకోవాలి, మనుమలచేత శతక పద్యాలు వల్లె వేయించాలి గానీ, గిటారు చేతబట్టడమేమిటని మా ఇంట్లోనూ వీధిలోనూ కొంత ముచ్చట జరిగింది. ఆ ముచ్చట సద్దుమణిగి మూడేళ్ళయింది. నా వాద్యమే ఇంకా ఓ దారికి రాలేదు.

మొదటి గిటారును 4,500 రూపాయలకు బందరులోనే కొన్నాను. తీగలకూ మెట్లకూ నడుమ ఎడం ఎక్కువగా ఉన్న వాద్యం వ్రేళ్ళను కోస్తుందే తప్ప పలకదని తెలియడానికి ఆరు నెలలు పట్టింది. అమ్మినవారు "అలవాటైతే అదే వస్తుంది సార్" అన్నారు. అలవాటైనది నొప్పి మాత్రమే. దానికి తోడు సముద్రపు గాలి. ఉక్కుతీగలు చూస్తుండగానే తుప్పు పట్టేవి. ఇప్పుడున్నది నైలాను తీగల గిటారు. వ్రేళ్ళను కాస్త కరుణిస్తుంది.

నేర్పేవాడు వెనుకవీధిలోని ఇంజనీరింగు కుర్రవాడు. నన్ను "మాస్టారూ" అంటాడు, నేను "నాయనా" అంటాను. ఎవరు గురువో వినేవారికి తెలియదు.

వీణకు మెట్లు మైనంలో నిలుస్తాయి, గిటారుకు చెక్కలో దిగిపోయి ఉంటాయి. అయినా స్థాయికి 12 మెట్లన్న లెక్క రెండింటికీ ఒకటే. నన్ను ఆశ్చర్యపరచింది స్వరాలన్నీ ఒక్కసారిగా పలకడం. కుర్రవాళ్ళు దాన్ని కార్డ్ అంటారు. షడ్జమం, అంతర గాంధారం, పంచమం – ఏదీ ఇంకొకదానికి విశేషణం కాదు, అచ్చమైన బహుపద ద్వంద్వం! అందులో ఆ గాంధారం ఒక్కటి ఒక మెట్టు దిగి సాధారణ గాంధారమైతే చాలు, పెళ్ళి మర్నాటి పందిరిలాగ దిగులు వేస్తుంది.

ఇక ఎఫ్ కార్డ్. చూపుడువ్రేలు మొదటి మెట్టు దగ్గర ఆరు తీగలనూ అడ్డంగా అదిమిపట్టాలి. తక్కిన మూడు వ్రేళ్ళూ తమ తమ చోట్ల ఉండాలి. సుద్దముక్క పట్టినది కుడిచేయి. ఎడమచేతికి పుస్తకం మోయడం తప్ప చదువు లేదు. పదకొండు నెలలుగా దీనితోనే ఉన్నాను. "ఫర్వాలేదు మాస్టారూ, మళ్ళీ" అంటాడు కుర్రవాడు. ఒకనాడు లెక్కపెట్టాను, 19 సార్లు అన్నాడు. విసుగు లేదు.

మొన్న వానికి ఒక కందం చదివి వినిపించాను. అన్నీ నాలుగు మాత్రల గణాలే కనుక వాడు నేర్పిన నాలుగు దెబ్బల నడకలో చక్కగా ఒదిగింది. ఆరవ గణం దగ్గర జగణం పడింది. లఘువు, గురువు, లఘువు – దెబ్బ పడవలసినచోట పడక గురువు సాగిపోయింది. "ఆఫ్ బీట్ మాస్టారూ! భలే ఉంది" అని వాడు మళ్ళీ చదివించుకున్నాడు. ఆరవ గణం నలమో జగణమో కావాలని అన్నేళ్ళు పాఠం చెప్పాను. ఎందుకని పిల్లలు అడగలేదు. నేనూ అడుగుకోలేదు.

1994లో తొమ్మిదవ తరగతిలో ఒక పిల్లవాడుండేవాడు. గణవిభజన చేయమంటే పలక్కుండా బల్లమీద వ్రేళ్ళతో దరువు వేసేవాడు. వెక్కిరింత అనుకున్నాను. స్కేలు నిలువుగా పట్టి ఆ వ్రేళ్ళమీదే కొట్టాను, రెండు మూడుసార్లు కాదు. దరువు ఆగింది. ఆ సంవత్సరమంతా వాడు నా తరగతిలో నోరు విప్పలేదు. వాడు వేసినది కందమో, సినిమా పాటో నాకు తెలియదు. వినలేదు కదా.

నిన్న సాయంకాలం ఎఫ్‌లో అయిదు తీగలు పలికాయి. రెండవ తీగ చూపుడువ్రేలి కణుపు ముడత క్రింద చిక్కి మూగగా ఉండిపోయింది. కుర్రవాడు వంగి చూసి, నా వ్రేలిని రవ్వంత ప్రక్కకు జరిపి, "మళ్ళీ" అన్నాడు.